అని పో

మా బ్లాకు కింది హాకర్ సెంటరులో నూడుల్సు అమ్మే ముసలాయన బల్లబల్లకూ ఒక చిన్న గిన్నె పెడతాడు. అందులో వెనిగర్‌లో నానిన పచ్చిమిరప ముక్కలు ఉంటాయి. తినేవాళ్ళకు అది నోరూరించే వాసన. నాకు ఆ పులుపు ముక్కుకు తగలగానే వీపు మీద చల్లగా ఏదో పాకుతుంది. పదో అంతస్తు వరండా చివర మూసిన కిటికీల గది, గోడ పొడవునా రికార్డుల అరలు, చేతిలో వెనిగర్‌తో తడిపిన గుడ్డ, నా వెనక కుర్చీలో కళ్ళు మూసుకుని మెహర్ ఆపా. సింగపూర్ చెమ్మకు చెప్పులూ బెల్టులూ కూడా బూజు పడతాయి, ఇక అట్టల సంగతి చెప్పాలా. ఆ బూజు తుడవడం మానేసి ఐదేళ్ళయింది. నిన్న మా మనవరాలు గిన్నె నా వైపు జరిపి, "టేక్ లా, అమ్మమ్మా" అంటే, తింటున్నది సగంలో వదిలి లేచి వచ్చేశాను.

ఆపా నాకు అరవై రెండో ఏట అక్షరాలు నేర్పింది, అందుకు దండం పెడతాను అని రాసి ఊరుకోవడం తేలిక. కానీ నేను రాయవలసిన సంగతి వేరే ఉంది. ఆపా తన కూతురికి ఒక మాట చెప్పవలసి ఉంది. చెప్పబోతుండగా నేను అడ్డం పడ్డాను. మంచికే అనుకున్నాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలలేదు.

మాది అనకాపల్లి పక్క ఊరు. బెల్లం పెనాల దగ్గర పెరిగాను. బడి మొహం చూడలేదు. బస్సును రంగుతో, మందు సీసాను మూతతో, మనిషిని గొంతుతో గుర్తుపట్టేదాన్ని. చెవిన పడ్డదేదీ పోయేది కాదు, కాగితం మీద పెట్టుకునే వీలు లేనప్పుడు చెవే పెట్టె. ఆయన పోయాక మా అమ్మాయి పద్మ నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. అది సైన్స్ పార్కులో పనిచేస్తుంది. పొద్దున ఎనిమిదికి తలుపు వేస్తే మళ్ళీ తెరుచుకునేది రాత్రికే. మనవరాలు హాసినికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. మొదటి ఏడాదంతా నేను నోరు మూసుకుని బతికాను. నోరున్న మనిషికి అది జైలు.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం వరండాలో బట్టలు తీస్తుంటే చివరి ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. ఆడగొంతు. వెనకాల రేకు డబ్బా మీద ఎవరో దబదబ కొడుతున్నారు. వెళ్ళి తలుపు తట్టాను. పొడుగ్గా, సన్నగా, తెల్ల దుపట్టా తల మీదుగా కప్పుకున్న ఆవిడ తీసింది.

"ఎవులమ్మా ఏడస్తన్నారు? ఏటయింది?" అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తెలుగామెవా? ఎవ్వరేడుస్తలేరు. పాడుతున్నరు. లోపలికొచ్చి ఇను."

కూర్చుని విన్నాను. చివరిదాకా విని, "ఇది పాటేటి? పీనుగ లేసేటప్పటి గోలలాగుంది" అన్నాను.

"నీ నోరు మంచిగుంది. రేపు గూడ రా" అంది.

ఆమె పేరు మెహరున్నీసా. అందరూ మెహర్ ఆపా అనేవారు, ఆపా అంటే అక్క. పుట్టింది నిజామాబాదులో. అక్కడ ఏడో తరగతిదాకా తెలుగు బడిలో చదివింది, ఇంట్లో మాత్రం దక్కనీ ఉర్దూ. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, పాయా లేబర్ దగ్గర ఒక పాటల దుకాణంలో అది మూతపడేదాకా పనిచేసింది. భర్త గౌస్ సాబ్ సరుకు ఓడల్లో వైర్‌లెస్ ఆఫీసరు. ఓడ యూదుల దేశంలోని హైఫా రేవులో ఆగినప్పుడల్లా ఆయన ఊళ్ళోకి వెళ్ళి రికార్డుల కొట్టువాడిని ఒకటే ప్రశ్న అడిగేవాడట: ఏది అమ్ముడుపోలేదు? వాడు బల్ల కింద దుమ్ములోంచి తీసి ఇచ్చినవి కొనుక్కొచ్చేవాడు. ఒకే ఒక్క రికార్డు చేసి మాయమైపోయిన గుంపులు, పేరు ఎవరికీ గుర్తులేని పాటగాళ్ళు. రెండు వందలకు పైన చేరాయి. ఆయనకూ ఆ భాష రాదు, ఈమెకూ రాదు.

ఒకసారి ఆపా చెల్లెలి కొడుకు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. అరల వంక చూసి, దక్కనీలో ఏదో గొణిగాడు. ఆపా నా కోసం తెలుగులో జవాబిచ్చింది. "ఈళ్ళ పాటలు నీకెందుకు పెద్దమ్మా అంటున్నడు. ఆళ్ళ సర్కారు మాట నేనెన్నడు ఇన్లేదురా. ఆళ్ళ ఊరోళ్ళే కొనని పాట మీ పెద్దనాయిన కొన్నడు. ఆయన కొన్నడని నేను ఇంటున్న. గంతే. చాయ తాగు." వాడు తాగి వెళ్ళిపోయాడు.

బూజు తుడవడం నేనే నెత్తిన వేసుకున్నాను. ఊరికే కూర్చోవడం చేతకాదు నాకు. మొదటి అర దించి, ఒక్కొక్క అట్ట తుడిచి, ఎండ తగలని చోట ఆరబెట్టి, మళ్ళీ సర్దాను. సాయంత్రానికి ఆపా వచ్చి వేళ్ళతో తడిమి చూసి ఆగిపోయింది.

"మొత్తం తిప్పిపెట్టినవ్ సన్నమ్మా. మొదటిది ఆఖరుకు పోయింది." నా పేరు సన్యాసమ్మ. ఆమె నోట సన్నమ్మ అయింది.

"ఎడం పక్కనించే కదా మొదలెడతారు? మా అమ్మాయి అలాగే సర్దుతాది."

"మీకు ఎడమ. నేను ఉర్దూ దాన్ని, నాకు మొదలంటే కుడి. ఈ అట్టల రాత గూడ కుడినుంచే పోతది. అక్షరం జూస్తే తెలుస్తలేదా నీకు?"

దాచడం నాకు రాదు. "నాకు అచ్చరం రాదు ఆపా. కుడీ లేదు, ఎడమా లేదు. ఏ పక్కనించి సూసినా చీమలే."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒక అట్ట తీసి తన కళ్ళ ముందు పెట్టుకుంది. "ఈ రాత నాకు గూడ చీమలే. ఎటునుంచి ఎటు పోతున్నయో తెలుసు, గంతే. ఈ అల్మారి కాడ మనమిద్దరం ఒకటే."

గౌస్ సాబ్ ప్రతి అట్టకూ ఉర్దూలో ఒక చీటీ అంటించి ఉంచాడు, ఏ ఓడలో, ఏ వానాకాలంలో కొన్నదో. ఆ చీటీలను బూజు తినేసింది. ఆపాకు చేతులు వణుకుతాయి. కొత్త చీటీలు రాయడానికి ఒక చెయ్యి కావాలి. అలా మొదలైంది నా చదువు. పలకా లేదు, అ ఆలూ లేవు. రికార్డు పెట్టేది, ఇద్దరం వినేవాళ్ళం, దానికి ఒక పేరు పెట్టుకునేవాళ్ళం, ఆ పేరే ఆ రోజు పాఠం. ఒక పాటలో పాడేవాడు మధ్యలో దగ్గి, ఆగకుండా అందుకుంటాడు. దానికి 'దగ్గు' అని పెట్టాం. నా జన్మలో నేను రాసిన మొదటి మాట అది. "గ కింద ఇంకో గ పెట్టు. దగ్గినప్పుడు గొంతు రెండుసార్లు కొట్టుకుంటది గదా" అని నేర్పింది. ఇంకొకటి పెద్ద భోజనాల గదిలో పాడినది. అట్ట మీద బొమ్మలో బల్లలు, గిన్నెలు. గిటారు మధ్యలో కంచాలు కడిగే చప్పుడు వినిపిస్తుంది. అది 'ఎంగిలి కంచాలు'. నేను ఏడుపనుకున్నది 'రేకు డబ్బా పిల్ల' అయింది. ఒక దాంట్లో చిన్నపిల్ల "అబ్బా, అబ్బా" అని పిలుస్తుంది. "ఈళ్ళు గూడ నాయిన్ని అబ్బా అనే అంటరు" అంది ఆపా. దానికి పేరు పెట్టకుండా పక్కన పెట్టేసింది. అప్పుడు నాకు ఎందుకో తెలియలేదు.

ఇలా నలభై యాభై చీటీలు అయ్యాక బూడిద రంగు అట్ట ఒకటి చేతికొచ్చింది. ముందువైపు మనుషులు లేరు. తెల్లటి గోడ, సగం తెరిచిన తలుపు, తలుపు వెనక చీకటి. వెనకవైపు నలుగురు మగవాళ్ళు గడ్డాలతో నిలబడి ఉన్నారు. "దీనికి పేరు ఎప్పుడో పెట్టిన. తలుపు. ఇయ్యాల ఇను. ఏం మాట్లాడకుండ ఇను" అంది ఆపా.

పాటలన్నీ మెల్లగా సాగాయి. మగగొంతులు, అడుగున పెద్ద తీగల వాయిద్యం ఒకటి బావిలో బిందె తగిలినట్టు మోగేది. రెండో వైపు ఆఖరి పాట అయిపోయింది. ఆపా లేవలేదు. సూది ఊరికే తిరుగుతోంది. నేను లేవబోతే చెయ్యి పట్టి ఆపింది. మిట్టమధ్యాహ్నం, బయట ఎండ కాస్తోంది, కింద పిల్లల బడి వదిలిన గోల వినపడుతోంది. అప్పుడు వచ్చింది ఆ గొంతు. ఆడగొంతు. వాయిద్యం లేదు. పాట కాదు, మాట. చెవి పక్కన నోరు పెట్టి అన్నట్టు, నిదానంగా, "అని పో" అంది. కొంచెం ఆగి ఇంకోసారి, "అని పో."

గోడ వైపు చూశాను. ఆపా నన్నే చూస్తోంది.

"నీకూ ఇనవడ్డదా?" అంది.

"తెలుగులో అంది ఆపా. అని పో అంది."

ఆమె నా చెయ్యి వదిలేసింది. "ముప్పై ఏండ్లసంది నాకు ఒక్కదానికే ఇనవడుతుందనుకున్న. మీ భాయీసాబుకు, మా ఆయనకు, తెలుగు రాదు. ఆయనకు ఉత్త చప్పుడు లెక్క ఇనవడేది. ఆయనున్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఆయన పోయినంక నవ్వొస్తలేదు."

ఆ రోజే చెప్పింది నాకు. వాళ్ళకు ఒక్కతే కూతురు, నస్రీన్. తండ్రికి ఇష్టం లేని పెళ్ళి చేసుకుంది. బూన్ లేలో ఉంటుంది, రైలెక్కితే గంట దారి. ఇంటి గడప తొక్కొద్దన్నాడు గౌస్ సాబ్. తరవాత కొన్నేళ్ళకు ఆయనకు గుండెకు వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. ఆఖరి నాలుగు రోజులూ ఒకటే అడిగాడట, నస్రీన్‌ను పిలువు, నస్రీన్ ఏదీ అని. ఆపా పిలవలేదు. కూతురి మీద అంత కోపం ఉండేదట, ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడెందుకు అని. పోయాక ఫోన్ చేసింది. నస్రీన్ పరుగెత్తుకొచ్చి, అబ్బా నన్ను అడిగాడా అంటే, "లేదు, ఎవర్నీ గుర్తుపట్టలే" అని చెప్పింది. ఆ తరవాత నస్రీన్ ఏడాదికి రెండు ఈద్‌లకు వస్తుంది. అరగంట కూర్చుంటుంది, పోతుంది. ప్రతిసారీ చెప్పాలనుకుంటుంది ఆపా. చెప్పదు.

"చెప్పీడానికేటి? నోరు లేదా?" అన్నాను.

"ఇన్నవు గదా ఏమన్నదో. అని పో. అన్నంక పోవాలె. చెప్పిన రోజే నా ఆఖరు రోజు. నాకు ఎరుకే. ఇంక రికార్డులకు పేర్లు ఉన్నయి. అయినంక చెప్త."

పిచ్చి మాట అని నేను అనలేదు. ఆ గదిలో కూర్చుని ఆ గొంతు విన్న మనిషి అనలేదు. కానీ ఒక పని పెట్టాను. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక నన్ను నస్రీన్ అనుకుని ఆ మాట చెప్పమన్నాను, నోరు తిరగడానికి. కూతురితో ఆమె మాట్లాడేది దక్కనీలోనే. అందుకని అలాగే అనేది. నా ఎదురుగా కూర్చుని, నా మోకాలి మీద చెయ్యి వేసి, "తేరే అబ్బా తేరేకు పూఛే థే, మా. మైచ్ నై బులాయి." నీ తండ్రి నిన్ను అడిగాడు తల్లీ, నేనే పిలవలేదు అని. చివరి మాట దగ్గర ఆమె గొంతు లోపలికి దిగిపోయేది. నాకు దక్కనీ రాదు. కానీ ఆ రెండు వాక్యాలు ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఎక్కడ ఊపిరి అన్నీ నా చెవిలో పడిపోయాయి. రెండేళ్ళ శుక్రవారాలు.

చీటీలు నూట తొంభై దాటాక ఆపాకే గుండె నొప్పి వచ్చింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తాళం నాకిచ్చి గాలి తగలనివ్వమంది. ఒక్కదాన్నే ఆ ఇంట్లోకి వెళ్ళాను. తుడుస్తూ తుడుస్తూ 'తలుపు' పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పలేను. ఆపా లేకుండా కూడా అది ఆ మాటే అంటుందా అని చూడాలనిపించింది. ఆఖరి పాట అయింది. సూది తిరుగుతోంది. అదే సమయానికి హాసిని తలుపు తోసుకుని వచ్చింది, బడికి సెలవు.

"అమ్మమ్మా, మమ్మీ కాలింగ్ యు. ఫోన్ ఎందుకు తీయవ్?"

నోటి మీద వేలు పెట్టాను. గొంతు వచ్చింది. అని పో. అని పో.

"సో క్రీపీ లా" అంది హాసిని.

"తెలుగేనా? నువ్వు సెప్పు."

"తెలుగు కాదు, హీబ్రూ కదా రికార్డు. వెయిట్." ఫోన్ దగ్గర పెట్టి మళ్ళీ సూది వెనక్కి వేయమంది. ఫోన్ ఏదో రాసింది. "ఇట్ మీన్స్, 'ఐ యామ్ హియర్'. నేను ఇక్కడ ఉన్నాను అని."

"పొమ్మనడం కాదా?"

"పో అంటే ఇక్కడ అంట." తరవాత అట్ట వెనకవైపుకు ఫోన్ చూపించింది. "నలుగురి పేర్లు, అందరూ మెన్. మైకు పట్టుకున్నవాడి పేరు కూడా ఉంది. లేడీ పేరు ఒక్కటీ లేదు, అమ్మమ్మా. దెన్ హూ ఈజ్ షీ?"

పిల్ల వెళ్ళిపోయింది. నేను ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను. అన్నాళ్ళూ ఆ గొంతు ఎవరినో పంపేస్తోందనుకున్నాం, దానికైనా ఒక దారి ఉంది. ఇప్పుడది ఎక్కడికీ పోవడం లేదు. పేరు లేని ఆడమనిషి ఒకతె ముప్పై ఏళ్ళుగా ఆ గదిలో కూర్చుని, నేనిక్కడున్నాను, నేనిక్కడున్నాను అంటోంది. మూత వేసి బయటికి వచ్చి తాళం రెండుసార్లు లాగి చూశాను.

ఆపా ఇంటికొచ్చాక చెప్పకూడదనుకున్నాను. నాకు అది కొత్త. కూరలో ఉప్పు తక్కువైతే వియ్యపురాలి మొహం మీదే చెప్పే మనిషిని. కానీ గుండె నొప్పి వచ్చాక, ఎలాగూ పిలుపు వచ్చింది, చెప్పే పోవాలి అన్న ఆ భయమే ఆమెను కూతురి దగ్గరికి నెడుతోందని తెలుసు. బక్రీదు వారం ఉంది. ఈసారి చెప్పేస్తానంది ఆపా. ఇల్లంతా కడిగించింది. పాత బట్టలు పంచిపెట్టింది. కొత్త తెల్ల గుడ్డ ఒకటి మడతపెట్టి అలమారాలో పై అరలో ఉంచింది, అది ఎందుకో అడగక్కరలేదు. అదీ చూసి ఊరుకున్నాను. తరవాత ఒక పొద్దున టీ పెడుతుంటే మాత్రల డబ్బా కనిపించింది. రోజుకొక గడి. నాలుగు రోజుల గడులు నిండుగా ఉన్నాయి.

"ఇవి మింగలేదేటి?"

"ఇంక ఎందుకు సన్నమ్మా. బక్రీదు నాడు చెప్పుడు, పోవుడు. డాక్టరు మందుకు, ఆ రికార్డుల పిల్ల మాటకు కొట్లాట ఎందుకు పెట్టాలె?"

అప్పుడు నా నోరు ఆగలేదు. "ఆ పిల్ల నిన్ను పొమ్మనలేదు. మనమే తెలుగు పెట్టుకుని విన్నాం. నేనిక్కడున్నాను అంటోంది. హాసిని ఫోన్‌లో సూపించింది. మాత్ర మింగు ముందు."

ఆమె కప్పు పక్కన పెట్టింది. రికార్డు పెట్టమంది. రెండుసార్లు విన్నది. మూడోసారి వద్దంది. చెయ్యి చాపితే మాత్ర చేతిలో పెట్టాను. మింగింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చేదాకా. "ఇన్నేండ్లు ఈ పోరికి భయపడి సచ్చిన. ఇక్కడున్నదట. ఉండనీ. కిరాయి అడుగుతనా." నేను కూడా నవ్వాను. ప్రాణం కాపాడాననుకున్నాను.

బక్రీదు నాడు నస్రీన్ వచ్చింది. నలభై దాటిన మనిషి, తండ్రిలాగే వెడల్పు నుదురు. నేను వంటింట్లో సేమ్యా గిన్నె కలుపుతూ చెవులు అటే పెట్టాను. నాకు అందినంతవరకు ఆపా ఎండల గురించి మాట్లాడింది. అల్లుడి కొత్త ఉద్యోగం గురించి అడిగింది. నస్రీన్ ప్రతి మాటకూ ముందుకు వంగి, తల్లి నోటి వంకే చూసింది. అరగంట అయింది. లేచింది. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ నిలబడింది. ఆపా ఆమె భుజం తట్టి, "జా మా, ట్రైన్ మే రష్ హో జాతా" అంది, పో తల్లీ, రైల్లో జనం ఎక్కువవుతారు అని. తలుపు పడింది.

"ఏటాపా, సెప్పలేదేటి?"

"వచ్చే ఈద్‌కు చెప్త. తొందరేమున్నది? ఇప్పుడు పొయ్యేది లేదు గదా" అంది. ఆ మొహం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు నేను.

నెలన్నరకు, చీటీలు ఇంకా ఏడు మిగిలి ఉండగా, మధ్యాహ్నం చాయ్ తీసుకుని వెళ్ళేసరికి కుర్చీలో ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పళ్ళెం మీద రికార్డు తిరుగుతోంది. ఏదో చూశాను. పేరు పెట్టకుండా పక్కన పెట్టినది, పిల్ల అబ్బా అని పిలిచేది. సూది చివరికి వచ్చి అక్కడే తట్టుకుంటోంది. ఎంతసేపటినుంచో తెలియదు.

నలభై రోజుల తరవాత నస్రీన్ ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. అప్పటికి నాలుగు రోజులు కూర్చుని ఒక ఉత్తరం రాసి పెట్టుకున్నాను, నా జీవితంలో మొదటి ఉత్తరం. ఇచ్చాను. ఆమె తిప్పి చూసి తిరిగి ఇచ్చింది.

"చిన్నప్పుడు సెలవులకు నిజామాబాదు వెళ్ళేదాన్ని, తెలుగు నోటికి వచ్చు ఆంటీ, చదవడం రాదు. ఏముంది ఇందులో?"

నా ఉత్తరం నేనే చదవాల్సి వచ్చింది. కూడబలుక్కుంటూ, వేలు పెట్టి చదివాను. ఆసుపత్రి, నాలుగు రోజులు, ఆయన అడగడం, ఆపా పిలవకపోవడం. 'తలుపు' రికార్డు సంగతి, మాత్రల డబ్బా సంగతి, నేను అడ్డం పడ్డ సంగతి కూడా రాశాను. దాచలేదు. చదివి తల దించుకున్నాను, తిడుతుందని.

"నాకు తెలుసు ఆంటీ" అంది నస్రీన్.

తల ఎత్తాను.

"అబ్బా పోయిన రోజే వార్డులో నర్సు అక్క చెప్పింది. ఆయన నిన్నే అడిగాడమ్మా, ఎందుకు రాలేదు అని. నాకు తెలిసి ఎయిట్ ఇయర్స్... నో, మోర్. ప్రతి ఈద్‌కు వచ్చింది అందుకే. అమ్మీ చెప్తుందని. చెప్తే చాలు, అంతే. వేరే ఏం వద్దు." బక్రీదు నాడు గుమ్మంలో ఎక్కువసేపు నిలబడ్డ ఆ ఒక్క నిమిషం నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు భయం ఉండి ఉంటే, ఆపా చెప్పేసి ఉండేది. మాత్రలు మింగకపోతే బక్రీదు రాకముందే పోయేదేమో కూడా. ఏది సరైనదో ఇప్పటికీ నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

నస్రీన్ సగం సర్దిన డబ్బా మీద కూర్చుంది. "ఎలా చెప్పాలనుకుంది? అమ్మీ ఏ మాటలు అంది మీతో?" అని అడిగింది.

ఉత్తరంలో అది లేదు. అది రాసేది కాదు. నేను ఆమె ఎదురుగా కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశాను. "తేరే అబ్బా తేరేకు పూఛే థే, మా. మైచ్ నై బులాయి."

నస్రీన్ వెన్ను ఒక్కసారిగా నిటారుగా అయింది. నా మొహం చూడలేదు, కళ్ళు గట్టిగా మూసుకుంది. "అగైన్" అంది. మళ్ళీ అన్నాను. "అగైన్, ప్లీజ్." మూడోసారి చివరి మాట దగ్గర గొంతు లోపలికి దిగిపోయింది. నేను దింపలేదు. అదే దిగింది.

రికార్డులన్నీ ఆమె బూన్ లే తీసుకుపోయింది. నెలకొక శనివారం వచ్చి నన్ను చూసి వెళుతుంది. పండ్లు తెస్తుంది, హాసిని చదువు అడుగుతుంది. లేవబోయే ముందు నా పక్కకు వచ్చి కూర్చుని కళ్ళు మూసుకుంటుంది. నేను అంటాను. ఆ తరవాత ఆమె రైలుకు వెళ్ళిపోతుంది. ఐదేళ్ళలో ఆ రెండు వాక్యాలు అరగలేదు, ఇంకా తేరుకున్నాయి. ఈ మధ్య పిలవని వేళల్లో కూడా వస్తున్నాయి. మొన్న వంటింట్లో పద్మ గరిటె వదిలేసి నా వైపు తిరిగింది. "అమ్మా, ఇప్పుడు ఎవరితో మాట్లాడావు? అది నీ గొంతు కాదు" అంది. నేనేమీ అనలేదని చెప్పాను. నాకు తెలిసినంతవరకు అనలేదు.